కీలుమార్పిడిలో మరచేయి: మూగజీవుల సాక్ష్యము

వయసు మీరినవారున్న ఏ ఇంటనైనను మోకాళ్ల ప్రస్తావన రాని దినముండదు. పీట మీదినుండి లేవలేకపోవుట, మెట్లెక్కునపుడు గోడ పట్టుకొనుట, తిరుమల కొండ నడిచి ఎక్కెదమన్న మ్రొక్కు ఏటికేడు వాయిదా పడుట, ఇవి మన గృహములలో నిత్యము కనబడునవే. తైలములు, కాపడములు, మాత్రలు అన్నియు అయిన పిమ్మట కొందరికి వైద్యులు చెప్పు చివరి మాట కీలుమార్పిడి. ఇటీవలి కాలమున ఆ మాటకు ముందు మరియొక మాట వచ్చి చేరినది. అది రోబో. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలోని పెద్ద ఆసుపత్రులలో మోకాటి శస్త్రచికిత్సకు ఈ యంత్రములను వాడుచున్నారు. ఆ సంగతి వినినంతనే ఇంటిలో రెండు పక్షములు బయలుదేరును. యంత్రము గనుక తప్పు చేయదని ఒకరందురు. యంత్రము చేతికి అమ్మ కాలు అప్పగింపబోనని మరియొకరందురు.

ఈ రెండు మాటలలో దేనికెంత ఆధారమున్నదో తెలియవలెనన్నచో మరియొక ప్రశ్న వేయవలసి యున్నది. ఇట్టి యంత్రమును మనుష్యుని ఎముకపై పెట్టుటకు పూర్వము దేనిపై పరీక్షించిరి? ఆ పరీక్ష ఏమి తేల్చినది? ఏమి తేల్చలేకపోయినది? ఈ ప్రసంగములో మేము విన్నవింపదలచినది ఆ వృత్తాంతమే.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. రోబో అనగా మనలో పలువురికి కాళ్లు, చేతులు, తలకాయ కలిగిన మరమనిషి తలపునకు వచ్చును. ఆ పదమును లోకమునకు పరిచయము చేసినది చెక్ రచయిత కారెల్ చాపెక్. ఆయన 1920లో వెలువరించిన నాటకమున ఆ పదము మొదట కనబడినది. చెక్ భాషలో దాని మూలధాతువునకు అర్థము వెట్టిచాకిరి. శస్త్రచికిత్సలో వాడునది మరమనిషి కాదు, మరచేయి మాత్రమే. ఒక స్తంభము, దానికి కీళ్లు గల బాహువు, బాహువు చివర ఎముకను కోయు సాధనము, వెనుక ఒక గణకయంత్రము, ఇంతే దాని స్వరూపము. అది వైద్యుని స్థానమున కూర్చుండునది కాదు. వైద్యుడు ముందుగా నిర్ణయించిన గీతను తప్పక అనుసరించుటయే దాని పని. ఆ విధముగా చూచినచో వెట్టి అను పాత అర్థమే దానికి చక్కగా సరిపోవును.

మోకాటికి చేయు ఈ చికిత్స కథ మోకాటివద్ద ఆరంభము కాలేదు. అది తుంటివద్ద ఆరంభమైనది. అందును మనుష్యుని తుంటివద్ద కాదు, కుక్క తుంటివద్ద.

తుంటికీలు ఒక గిన్నె, ఒక గుండు. కటిభాగపు ఎముకలో గిన్నె వంటి గుంట యుండును. తొడయెముక పైకొన గుండువలె ఆ గుంటలో తిరుగుచుండును. రెంటి నడుమ నున్నని మృదులాస్థి పొర యుండును. ఆ పొర అరిగిపోయినపుడు ఎముక ఎముకను ఒరయును, అడుగడుగునకు నొప్పి కలుగును. అప్పుడు గుండును కోసివేసి, తొడయెముక లోపల పొడుగాటి లోహపు కాడను దింపి, దానిపై క్రొత్త గుండు నిలుపుదురు. గుంటలో క్రొత్త గిన్నెను అమర్చుదురు.

ఈ విద్యకు నేటి రూపము నిచ్చిన మహనీయుడు ఇంగ్లండునకు చెందిన జాన్ చార్న్‌లీ. ఆయన చరిత్రలో మన విషయమునకు పనికివచ్చు ఘట్టమొకటి కలదు. 1958 నుండి 1962 వరకు ఆయన గిన్నెకు టెఫ్లాన్ అను నున్నని పదార్థమును వాడెను. ప్రారంభమున రోగులు చక్కగా నడచిరి. కొన్నియేండ్లకు ఆ పదార్థము అరిగిపోయి, ఆ అరుగుడు పొడి చుట్టునున్న కండను, ఎముకను చెరచినది. దాదాపు 300 మందికి చేసిన పని చెడిపోయినది. తరువాత పాలిథిలీను అను క్రొత్త పదార్థము లభించినపుడు, ఆయన దానిని, టెఫ్లాన్‌ను తన తొడలోనే అమర్చుకొని శరీరము వాటిని ఎట్లు సహించునో పరిశీలించుకొనెను. ఆ పిమ్మటనే, 1962 నవంబరులో, పాలిథిలీను గిన్నెలను రోగులకు అమర్చుట ఆరంభించెను. పరీక్ష తగినంత జరుగక ముందే మనుష్యునిపై ప్రయోగించిన పద్ధతికి మూల్యమును రోగులే చెల్లింతురను పాఠము ఆ 300 మంది వలన లోకమునకు తెలిసినది.

ఇక మరచేతి మాటకు వత్తము. చార్న్‌లీ పద్ధతిలో లోహపు కాడను ఎముకలో నిలుపుటకు ఒక విధమైన సిమెంటును వాడుదురు. కాలక్రమమున కొందరిలో ఆ పట్టు సడలుట చూచి, 1970, 1980వ దశకములలో సిమెంటు లేని కాడలను రూపొందించిరి. వీటి పైభాగము సన్నని రంధ్రములతో గరుకుగా నుండును. ఎముక పెరిగి ఆ రంధ్రములలోనికి చొచ్చుకొని పోయి, కాడను తనలో కలుపుకొనును. చెట్టు మొదలు తీగను పెనవేసికొన్నట్లు ఎముకయే లోహమును పట్టుకొనునన్నమాట. కాని దానికొక నియమము కలదు. కాడ ఎముకకు ఆనుకొని యుండవలెను, కదలరాదు. నడుమ ఎడమున్నచో ఎముక దానిని దాటి రాలేదు.

ఆ ఎడము చేతిపనిలో తప్పనిసరిగా వచ్చుచుండెను. ఎముక లోపల కాడకు తావు చేయుటకు వైద్యులు ఆకురాయి వంటి పనిముట్టును దించి సుత్తితో కొట్టుచుందురు. ఎంత నేర్పరి చేయి యైనను, లోపల కంటికి కనబడని చోట, గట్టి ఎముక యొకచోట, మెత్తని ఎముక యొకచోట నుండగా, పనిముట్టు మెత్తని వైపునకు ఒరిగిపోవును. కాడ ఉపరితలమున ఐదవవంతు మాత్రమే ఎముకకు తాకుచున్నదని ఆనాటి పరిశోధకులు అంచనా వేసిరి. సుత్తి దెబ్బ తీవ్రమైనపుడు తొడయెముకయే చీలుటయు కలదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఈ చిక్కును గూర్చి ఇరువురు ఆలోచించిరి. ఒకరు హోవర్డ్ పాల్. ఈయన పశువైద్యుడు. జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతి కుక్కలకు తుంటికీలు సరిగా అమరని వ్యాధి తరచుగా వచ్చును. అట్టి కుక్కలకు కృత్రిమమైన తుంటిని అమర్చుట ఆయన నిత్యవృత్తి. రెండవవారు విలియం బార్గర్. ఈయన మనుష్యుల ఎముకల శస్త్రవైద్యుడు. 1980వ దశకపు మధ్యభాగమున వీరిరువురు కలిసి యోచించి, కర్మాగారములలో లోహమును సూక్ష్మముగా చెక్కు మరచేతిని ఎముకకేల వాడరాదని ప్రశ్నించుకొనిరి. వారు ఐ.బి.ఎం. సంస్థ పరిశోధనాలయము నాశ్రయించిరి. అచ్చటి శాస్త్రజ్ఞుడు రసెల్ టేలర్ నాయకత్వమున, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము సహకారముతో, యంత్రము రూపొందినది. తరువాత దానికి రోబోడాక్ అను పేరు స్థిరపడినది.

అది పని చేయు విధము మనము తెలిసికొనదగినది. ముందుగా చిన్న శస్త్రచికిత్స చేసి తొడయెముకలో మూడు లోహపు మేకులను దించుదురు. అటుపిమ్మట ఎక్స్ కిరణములతో పొరలు పొరలుగా చిత్రములు తీయుదురు. చిత్రములో ఎముకయు, మేకులును స్పష్టముగా కనబడును. వైద్యుడు గణకయంత్రము ముందు కూర్చుండి, ఏ పరిమాణపు కాడను, ఎంత లోతున, ఏ వాలున నిలుపవలెనో ఎముక చిత్రముపైననే నిర్ణయించును. శస్త్రచికిత్స దినమున ఎముకను కదలకుండ యంత్రమునకు బిగించుదురు. మరచేయి తన కొనతో ఆ మూడు మేకులను ఒకదాని తరువాత ఒకటిగా తాకి చూచును. పొలము కొలుచునపుడు సర్వేరాయిని పట్టుకొని తక్కిన హద్దులను గుర్తించినట్లు, మేకుల స్థానమును బట్టి చిత్రములోని ఎముకకును, ఎదుటనున్న ఎముకకును యంత్రము పొంతన కుదుర్చుకొనును. ఆ తరువాత మిక్కిలి వేగముగా తిరుగు కత్తితో ఎముకను చెక్కును. ఎముక ఏ మాత్రము కదలినను యంత్రము ఆగిపోవును. ఆపుటకు మీట వైద్యుని చేతిలోను ఉండును. చర్మమును కోయుట, కండలను తొలగించుట, గిన్నెను అమర్చుట, కాడను దించుట, గాయమును కుట్టుట, ఇవన్నియు వైద్యుని చేతి పనులే.

కాగితము మీద ఇది చక్కగా నున్నది. కాని ప్రాణమున్న ఎముకలో రక్తముండును, వేడి పుట్టును, సూక్ష్మజీవులు చేరును. వేగముగా తిరుగు కత్తి వేడికి ఎముక చచ్చినచో పని ఎంత నునుపుగా నున్నను వ్యర్థమే. అందుచేత ప్రాణిపై పరీక్ష అవసరమైనది. 1990లో మరచేతితో కుక్కలకు తుంటిమార్పిడి చేయుట ఆరంభించిరి. మొత్తము 26 కుక్కలకు ఆ చికిత్స జరిగినది.

ఇచ్చట మేము ఒక విషయమును నొక్కి చెప్పవలసి యున్నది. ఆ 26 కుక్కలు పరీక్ష కొరకు పెంచి, కీలు చెరచి, పిమ్మట చంపిన జంతువులు కావు. అవి తుంటివ్యాధితో బాధపడుచు, చికిత్స కొరకు వచ్చిన పెంపుడు జంతువులు. పరీక్ష జరిగినను జరుగకున్నను వాటికి తుంటిమార్పిడి అవసరమే. పరీక్ష వలన లాభము కలిగినచో ఆ లాభము ముందుగా ఆ కుక్కకే కలుగును. అనగా అవి ప్రయోగవస్తువులు కావు, రోగులు. మూగజీవుల పరీక్ష అనగానే కళ్లముందు మెదలు బోనులకును, దీనికిని చాల భేదము కలదు. ఈ భేదమును ఆలోచింపగలిగినవాడు పశువైద్యుడు కావుట యాదృచ్ఛికము కాదు.

కుక్కలపై ఫలితములు తృప్తికరముగా నుండినవి. యంత్రము చెక్కిన తావులో కాడ చక్కగా అమరినది, కుక్కలు నడచినవి. 1992 నవంబరులో శాక్రమెంటో నగరమున బార్గర్ మొదటిసారిగా ఒక మనుష్యునికి ఈ యంత్రముతో తుంటిమార్పిడి చేసెను. ఆ మరుసటి యేడు, 1993లో, పాల్ రక్తపు క్యాన్సరుతో మరణించెను. తన కుక్కలవద్ద మొదలైన పని మనుష్యులకు చేరుట మాత్రము చూడగలిగెను. కృత్రిమ కీళ్ల శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘమువారు ఆయన పేర ఒక బహుమానమును నెలకొల్పిరి.

కథ ఇంతటితో ముగిసినచో విజయగాథగా చెప్పుకొని సంతోషింపవచ్చును. కాని దీనిలో మనకు నిజముగా పనికివచ్చు భాగము ఇక మీదట నున్నది.

మొదటి సంగతి మేకులది. మనుష్యులలో ఆ మూడు మేకులలో కొన్నింటిని తొడయెముక క్రిందికొనలో, అనగా మోకాటి దగ్గర దించుచుండిరి. శస్త్రచికిత్స తుంటికి జరిగినది. కాని అటుపిమ్మట కొందరు రోగులు మోకాలు నొచ్చుచున్నదని చెప్పిరి. పరిశీలింపగా కారణము మేకు. కుక్క కుంటుచున్నచో మనకు తెలియును. అది తినుట మానినచో తెలియును. కాని తుంటి బాగుపడి నడచుచున్న కుక్క, నాకు తుంటి బాగుగానే యున్నది గాని మోకాటిలో పోటుగా నున్నదని చెప్పలేదు గదా. మూగజీవి ఇచ్చిన సాక్ష్యము అబద్ధము కాదు, అసంపూర్ణము. తరువాతి కాలమున మేకులు లేకుండ ఎముక ఉపరితలమును తాకియే పొంతన కుదుర్చు పద్ధతిని కనుగొనిరి.

రెండవ సంగతి జర్మనీది. 1994లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఈ యంత్రమును వాడుట ఆరంభించి, కొలదికాలములోనే దేశమంతట వ్యాపింపజేసిరి. అచ్చట వేలకొలది మందికి ఈ చికిత్స జరిగినది. 2003లో ఒక జర్మను పరిశోధన ప్రకటితమైనది. 154 మంది రోగులను రెండు వర్గములుగా చేసి, 80 మందికి చేతితోను, 74 మందికి యంత్రముతోను చికిత్స ఉద్దేశించిరి. యంత్రపు వర్గములో 13 మందికి యంత్రము మధ్యలో మొరాయించుట చేత పని చేతితోనే ముగింపవలసి వచ్చినది. యంత్రముతో పూర్తియైనవారిలో కాడ నిలిచిన వాలు, రెండు కాళ్ల పొడవు చక్కగా కుదిరినవి. కాని వారిలో 18 శాతము మందికి తుంటి గుండు గిన్నెనుండి తప్పినది. చేతితో చేసినవారిలో అది 4 శాతము మాత్రమే.

ఎముకను అంత చక్కగా చెక్కిన యంత్రము వలన కీలేల తప్పవలెను? కారణము ఎముకలో లేదు, కండలో నున్నది. మరచేతికి తావు చాలుటకై కండలను ఎక్కువగా విడదీయవలసి వచ్చెను. తుంటిని పట్టియుంచు కండ దెబ్బ తినెను. ఎముక చెక్కుడు ఎంత నునుపుగా నున్నదని మాత్రమే అడిగినవారికి కండను గూర్చిన సమాధానము దొరకదు. ఏది కొలిచితిమో అది తెలిసినది, ఏది కొలువలేదో అది రోగి శరీరములో బయటపడినది. పరీక్షలన్నిటికిని ఈ సూత్రము వర్తించును.

జర్మనీలో రోగులు న్యాయస్థానములకెక్కిరి. 2004 ప్రాంతమునకు అచ్చట ఆ యంత్రపు వాడుక నిలిచిపోయినది. 2006 జూన్‌లో ఆ దేశపు ఫెడరల్ న్యాయస్థానము ఒక రోగి తెచ్చిన వ్యాజ్యముపై తీర్పు చెప్పినది. శస్త్రచికిత్సలో ఆమెకు నరము దెబ్బతినెను. నరమునకు అపాయము కలుగవచ్చునని ఆమెకు ముందే చెప్పియుండుట చేత ఆమెకు పరిహారము లభింపలేదు. కాని ఆ తీర్పులో న్యాయస్థానము ఒక నియమమును స్పష్టముగా నిలిపినది. ఇంకను పూర్తిగా పరీక్షింపబడని క్రొత్త పద్ధతిని వాడునపుడు, ఇందులో నేటికి తెలియని అపాయములు కూడ ఉండవచ్చునని వైద్యుడు రోగికి విప్పి చెప్పవలెను. తెలిసిన అపాయములు చెప్పుట చాలదు, తెలియనివి కలవన్న సంగతియు చెప్పవలెను. మా దృష్టిలో ఈ కథకంతకును ఇది ఆయువుపట్టు. కుక్కను సమ్మతి యడుగలేము. దాని మేలుకోరు యజమాని దాని పక్షమున సమ్మతించును. మనుష్యుని మాత్రము అడుగవలెను, అడుగుటకు ముందు చెప్పవలెను.

ఇక మోకాటి విషయము. మోకాలు తుంటివలె గుండు, గిన్నె కాదు. పైన తొడయెముక రెండు బుడిపెలు, క్రింద పిక్కయెముక పళ్లెము, ముందు చిప్ప, చుట్టును స్నాయువులు, ఇవి కలిసి పని చేయును. వంగునపుడు ఎముక తిరుగుట మాత్రమే కాక కొంత జారును, కొంత మెలిపడును. మార్పిడిలో ఎముకల కొనలను సమతలముగా కోసి, లోహపు తొడుగులను వేసి, నడుమ పాలిథిలీను పలకను ఉంచుదురు. ఇచ్చట కోత వాలు మిక్కిలి ముఖ్యము. తుంటినుండి చీలమండ వరకు బరువు దిగు గీత మోకాటి నడుమగా పోవలెను. కొలదిగా ప్రక్కకు ఒరిగినచో పలక ఒకవైపే అరుగును. వడ్రంగి బల్లకాలు వాలుగా కోసినచో బల్ల ఏమగునో మనకు తెలిసినదే.

ఈ కీలును జంతువులపై పరీక్షించుటకు ఒక సహజమైన అవరోధము కలదు. నాలుగుకాళ్ల జంతువు నిలుచున్నపుడును దాని మోకాలు వంగియే యుండును. కుక్క పిక్కయెముక పళ్లెము మనుష్యునిదానికంటె చాల ఎక్కువ వాలుగా నుండును. అది నేలపై బాసిపట్టు వేసికొని కూర్చుండదు, మెట్లు దిగునపుడు ఒక కాలిపై శరీరభారమంతయు నిలుపదు. మేక, గొఱ్ఱె మోకాళ్లును అంతే. అందుచేత గొఱ్ఱె ఎముకలో లోహము చుట్టును ఎముక పెరుగునా, పదార్థము విషమగునా, కత్తి వేడికి ఎముక చచ్చునా అను ప్రశ్నలకు జంతువు నిజమైన సమాధానము చెప్పగలదు. మనుష్యుడు హాయిగా నడచునా, నొప్పి తగ్గునా, పదేండ్లు మన్నునా అను ప్రశ్నలకు చెప్పలేదు.

కోత యొక్క సూక్ష్మతను తెలిసికొనుటకు ప్రాణియే అక్కరలేదు. ప్లాస్టిక్ ఎముకలు, కసాయి దుకాణమునుండి తెచ్చిన ఎముకలు, వైద్యవిద్య కొరకు దానము చేసిన మనుష్య దేహములు దానికి చాలును. ఈ విచక్షణకు శాస్త్రలోకములో ఒక పేరు కలదు. 1959లో ఇంగ్లండున విలియం రసెల్, రెక్స్ బర్చ్ అను ఇరువురు మూడు సూత్రములను ప్రతిపాదించిరి. జంతువు లేకుండ పని జరుగునపుడు జంతువును వాడవద్దు. తప్పనిసరియైనచో సంఖ్యను వీలైనంత తగ్గింపుము. ఆ తగ్గినవాటి బాధను కూడ తగ్గింపుము. మన దేశమున రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. అది ప్రయోగములను నిషేధింపలేదు. కాని వాటిపై కన్ను వేసియుంచుటకు సంఘమును ఏర్పరచు వీలు కల్పించినది. మత్తు ఇచ్చి నొప్పి తెలియకుండ చేయవలెననియు, చిన్న జంతువుతో పని జరుగునపుడు పెద్ద జంతువును వాడరాదనియు ఆ చట్టము నిర్దేశించుచున్నది.

మనుష్యులలో మోకాటికి మరచేతిని వాడుట 2000 ప్రాంతమున ఆరంభమైనది. జర్మనీలోని కాసెల్ నగరమున, కాస్పార్ అను మరియొక యంత్రముతో 70 మందికి మోకాటిమార్పిడి చేసిన వైద్యులు 2002లో ఫలితములు ప్రకటించిరి. ఉద్దేశించిన గీతకును, వాస్తవముగా కుదిరిన గీతకును నడుమ తేడా సగటున 0.8 డిగ్రీలు. అదే వైద్యులు అంతకు పూర్వము చేతితో చేసినవారిలో అది 2.6 డిగ్రీలు. లండనులోని ఇంపీరియల్ కళాశాలవారు మరియొక మార్గము త్రొక్కిరి. వారి యంత్రము తనంతట తాను కోయదు. వైద్యుడు దాని పిడిని పట్టుకొని కోయును. నిర్ణయించిన హద్దు దాటబోయినపుడు మాత్రము యంత్రము చేతిని ఆపును. పసిబిడ్డకు పలకపై అక్షరము దిద్దించునపుడు చేయి పట్టుకొన్నట్లన్నమాట, ఇచ్చట దిద్దువాడు నిపుణుడే యైనను. 2006లో వారు ప్రకటించిన పరిశోధనలో, యంత్రముతో చేసిన 13 మోకాళ్లును ఉద్దేశించిన గీతకు 2 డిగ్రీల లోపలనే కుదిరినవి. చేతితో చేసిన 15 మోకాళ్లలో 6 మాత్రమే అట్లు కుదిరినవి. నేడు ఆసుపత్రులలో విరివిగా కనబడు యంత్రములలో కొన్ని ఈ రెండవ మార్గమునకు చెందినవే. కుక్కల నాటి యంత్రమునకు అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ తుంటికి 2008లో అనుమతి నిచ్చినది. దాని సంతతికి చెందిన యంత్రమునకు మోకాటి కొరకు 2019లో అనుమతి లభించినది. మొదటి కుక్కనుండి అప్పటికి 29 ఏండ్లు గడచినవి.

గీత చక్కగా కుదిరినంత మాత్రమున రోగికి సుఖము హెచ్చునా? ఈ ప్రశ్నకు కొరియా వైద్యులు ఓపికతో సమాధానము వెదకిరి. ఆ రోబోడాక్ యంత్రముతోనే కొందరికి, చేతితో కొందరికి మోకాటిమార్పిడి చేసి, 1,300 మందికి పైగా రోగులను పదేండ్లకు మించి గమనించి, 2020లో ఫలితములు ప్రకటించిరి. నడకలోగాని, నొప్పిలోగాని, కీలు మన్నికలోగాని రెండు వర్గములకు చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఆ తరువాత వచ్చిన యంత్రములకును ఇదే మాట వర్తించునని ముందే తీర్మానించుట తగదు. అవి భిన్నమైనవి. కాని గీత వేరు, సుఖము వేరు అనునది మాత్రము స్థిరపడినది.

కావున ప్రారంభమున చెప్పిన రెండు పక్షములవారికి మేము మనవి చేయునది ఇది. యంత్రము గనుక తప్పు చేయదనుట సరికాదు. చెప్పిన గీతను అది తప్పదు, కాని గీతను గీయువాడు మనుష్యుడే. యంత్రము గనుక నమ్మరాదనుటయు సరికాదు. సుత్తి దెబ్బకు ఎముక చీలు అపాయమును తగ్గించిన ఘనత దానికి కలదు. మోకాటిమార్పిడి అవసరమైన పెద్దలను ఆసుపత్రికి తీసికొనిపోవువారు వైద్యుని కొన్ని మాటలు తప్పక అడుగవలెను. మా అమ్మకు ఈ చికిత్స ఇప్పుడే అవసరమా, లేక వ్యాయామముతోను, బరువు తగ్గుటతోను కొంతకాలము గడపవచ్చునా? మీరు ఈ చికిత్సను చేతితో ఎన్నియేండ్లుగా చేయుచున్నారు, యంత్రముతో ఎందరికి చేసితిరి? యంత్రము మధ్యలో ఆగినచో మీరు చేతితో ముగింపగలరా? ఈ యంత్రము నిమిత్తము మేము అధికముగా చెల్లించు ధనమునకు మా అమ్మ నడకలో కనబడు లాభమేమి? ఇందులో ఇంకను తెలియని సంగతులేవి? చివరి ప్రశ్నకు వెనుదీయక సమాధానము చెప్పు వైద్యుని నమ్మవచ్చును.

మంచి వైద్యుని చేతిలో యంత్రమున్నను లేకున్నను మోకాటిమార్పిడి నేడు ఎందరికో నడకను తిరిగి ఇచ్చుచున్నది. ఆ నడక వెనుక వైద్యుల నేర్పు, శాస్త్రజ్ఞుల లెక్కలు మాత్రమే లేవు. చార్న్‌లీ తొలి రోగులు 300 మంది ఉన్నారు. మోకాలు నొచ్చుచున్నదని నోరు విప్పి చెప్పిన రోగులున్నారు. న్యాయస్థానమున ఓడియు నియమమును గెలిపించిన స్త్రీ యొకతె ఉన్నది. చెప్పగలిగినంత చెప్పిన 26 కుక్కలున్నవి. వాటి ఋణమును తీర్చుటకు మనము చేయదగినది కష్టమైన పని కాదు. ఇంటనున్న మూగజీవికి నొప్పి వచ్చినపుడు పశువైద్యుని వద్దకు తీసికొనిపోవుట, నోరున్న మన పెద్దలు నొప్పి యని చెప్పినపుడు విసుగుకొనక వినుట.